నగదు రహిత వైద్యం: ఒక సమాస చర్చ

‘నగదు రహిత వైద్యం’లో ఉన్నది ఏ సమాసమో తేలేదాకా ఆరోగ్యశ్రీ ఒప్పందం మీద ఎవరూ తొందరపడి నోరు జారరాదు. బడిలో చెప్పింది తత్పురుష: నగదు చేత రహితమైనది. బిల్లింగ్ కౌంటరులో నడిచేది మాత్రం బహువ్రీహి. అక్కడ ఉన్న రెండు పదాలనూ దాటి అర్థం మూడోదానికి చెందుతుంది. ఒప్పందం మీద సంతకాలు పథకాన్ని నడిపే ట్రస్టువీ, ఆస్పత్రివీ. నగదు చేత రహితుడయ్యేది ఎక్కడా సంతకం పెట్టని రోగి.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పథకం మొదలైంది. ప్యాకేజీ అంటే మంచం, మందులు, పరీక్షలు, ఒంట్లో అమర్చే ఇంప్లాంటు, భోజనం అన్నీ కలిపి. రోగి దగ్గర పైసా తీసుకోకూడదు. 2018లో వచ్చిన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ అయితే చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చును కూడా ప్యాకేజీలోనే కలిపింది. ఇంత కట్టుదిట్టమైన నిబంధనను గౌరవించే మార్గం ఒక్కటే: స్కాను బయట చేయించుకు రమ్మనడం. బయట చేయించాక అది మన బిల్లు కాదు గదా! ఇంప్లాంటు దగ్గర ఇంకాస్త సౌమ్యత అవసరం. “గవర్నమెంటు ఇచ్చేది మామూలు రకమమ్మా, మంచిది కావాలంటే తేడా కట్టుకోవాలి” అనాలి. రసీదు తెల్లకాగితం మీద ఇస్తే లెటర్‌హెడ్డు మైల పడదు.

అసలు వైద్యం జరిగేది ట్రస్టు ఇచ్చే ముందస్తు అనుమతి దగ్గర. కేస్ షీటు, ఎక్స్‌రే, యాంజియోగ్రాం, మంచం మీద రోగి ఫోటో అన్నీ పోర్టల్‌లో ఎక్కించాలి. ఎక్స్‌రే మీద పేరు లేకపోయినా, కేస్ షీటులో సర్జరీ తేదీ క్లెయిములో తేదీతో కలవకపోయినా క్వెరీ, అంటే ట్రస్టు నుంచి సంజాయిషీ అడిగే ప్రశ్న, వస్తుంది. రోగికి జ్వరం వస్తే నర్సు చూస్తుంది. క్వెరీ వస్తే ఆస్పత్రి యజమాని ఎండీ గారే లేచొస్తారు. అత్యవసరమైతే ఫోన్లో అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే వీలుందన్న సంగతి సర్వర్ డౌనైన రోజున ఎవరికీ గుర్తుండదు.

సేవాభావాన్ని శంకించేవారు ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023 నివేదిక చదవాలి. ఆయుష్మాన్ భారత్‌లో దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులకు ఒకటే ఫోన్ నంబరు, పది తొమ్మిదులు! అంతకుముందే చనిపోయినట్టు నమోదైన రోగుల పేరిట కూడా క్లెయిములు కనిపించాయి. పోయినవారిని సైతం వెనక్కి పంపకపోవడం ఒప్పందంలో అడగని సేవ.

ఆస్పత్రుల గోడూ వినాలి, అది అబద్ధం కాదు. క్లెయిము సొమ్ము రోజుల లెక్కన రావాలని నిబంధన, వచ్చేది నెలల లెక్కన. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ వైద్య ఖర్చు పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలైంది. పరిమితి పెంచడానికి ప్రకటన చాలు, బకాయి తీర్చడానికి డబ్బు కావాలి. అలాగని పథకం రోగిని “చేర్చుకోం” అంటే ఒప్పంద ఉల్లంఘన. “బెడ్లు ఖాళీ లేవు” అంటే కాదు. కార్డు చూపించక ముందు ఖాళీగా ఉన్న బెడ్డే అది, అయితేనేం.

చివరగా కృతజ్ఞతా పత్రం. “నా వద్ద డబ్బు తీసుకోలేదు, మందులూ దారి ఖర్చులూ ముట్టినవి, సేవలు తృప్తికరం” అని రోగి వేలిముద్ర ఉండాలి. దాన్ని చేరిన రోజే మిగతా కాగితాలతో కలిపి వేయించుకోవడం శ్రేష్ఠం. తేదీ మాత్రం ఖాళీగా వదలాలి; డిశ్చార్జి ఎప్పుడో అప్పటికింకా డాక్టరుకే తెలియదు.