ఐసీయూ చార్టు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఐసీయూ చార్టు గారికి, నైట్ డ్యూటీ స్టాఫ్ నర్సు నమస్కరించి వ్రాయునది.

తమరి తెల్లవారుజాము 4 గంటల వరుస ఖాళీగా ఉన్నందుకు ఈ ఉదయం నాకు మెమో అందింది. రౌండ్స్‌కు వచ్చిన పెద్దలు రోగి ముఖం కన్నా ముందు తమరి ముఖం చూశారు. పల్స్, బీపీ, శ్వాస, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఎక్కుతున్న మందు, దిగిన మూత్రం అంటూ గంటకొకటి చొప్పున నింపాల్సిన 24 వరుసల్లో ఒక్కటి తెల్లగా కనబడేసరికి, "రాయకపోతే చేయనట్టే" అన్న మంత్రం చదివి సంతకం పెట్టించుకున్నారు.

సరిగ్గా ఆ వేళకే వెంటిలేటర్ ప్రెషర్ అలారం మోగి, రోగి శాచురేషన్ 96 నుంచి 70ల్లోకి జారింది. వెంటిలేటర్ నుంచి ట్యూబు విడదీసి, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగుతో నూరు శాతం ఆక్సిజన్ ఇస్తూ, ఛాతీకి రెండు పక్కలా గాలి వెళుతోందో లేదో విని, ఒక్కోసారి 15 సెకన్లు మించకుండా సన్నని గొట్టం (కేథటర్) దించి కఫం లాగే సక్షన్ చేయగా చేయగా, గట్టిపడిన కఫం ముద్ద ఒకటి ఆ కేథటర్‌కు తగులుకుని బయటికి వచ్చింది. పెదవుల నీలం విరిగింది. ఈ రెండు చేతుల్లో ఏది ఖాళీ చేసుకుని పెన్ను పట్టుకోవాలో తమరి మీద ఎక్కడా అచ్చు వేయలేదు. జరిగినదంతా తర్వాత నర్సెస్ నోట్సులో వేళతో సహా రాశాను, కానీ అది చదవాలంటే పేజీ తిప్పాలి కదా!

పక్క మంచం చార్టుకు మాత్రం మెప్పు దక్కింది. ఆ రోగి రాత్రంతా, నిద్రలోనూ, జ్వరం 102 దాటినప్పుడూ, నిమిషానికి సరిగ్గా 20 సార్లే శ్వాస తీసుకున్నట్టు దాని మీద ఉంది. రాసిన అమ్మాయిని తప్పుపట్టను. ఐసీయూలో రోగికొక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంటే, ఆమెకు ముగ్గురిని అప్పగించారు. నిలబడి నిమిషం పాటు శ్వాస లెక్కపెట్టే తీరిక ఎవరికీ లేదు, అయినా గడి నిండాలి.

ఇక్కడితో 'తమరు' సరి. నువ్వు ఖాళీని పట్టిస్తావు, కాకిలెక్కను కాపాడతావు. రోగి స్పృహను కొలిచే గ్లాస్గో స్కోరుకు అంగుళమైనా లేని ఒకే గడి ఇచ్చావు. కళ్లు, మాట, కదలిక వేర్వేరుగా చూడమనే కదా 1974లో టీస్‌డేల్, జెనెట్ ఆ కొలతను మూడుగా చేసింది? గొంతులో ట్యూబు ఉన్న మనిషికి మాట మార్కు ఎక్కడి నుంచి తెచ్చి కూడమంటావు? రెండు గంటలకోసారి పొజిషన్ మార్చినట్టు టిక్కు పెట్టమంటావు గానీ, 90 కిలోల మనిషిని ఒక్కదాన్నే ఎలా తిప్పానో అడగవు. ఒంట్లోకి వెళ్లిన, బయటికి వచ్చిన ద్రవాల (ఇన్‌టేక్, అవుట్‌పుట్) కూడికలో పది మిల్లీలీటర్లు తేడా వస్తే ఇంటికే పోనివ్వవు.

అయినా నిన్ను చింపి పారేయలేను. ఈమధ్యే ఒక రోగి బీపీ 110/70 దగ్గర నిమ్మకు నీరెత్తినట్టు ఉండగా, నీ మీద మాత్రం పల్స్ 92, 104, 118 అని పైకి, మూత్రం 45, 30, 15 మిల్లీలీటర్లు అని కిందికి నడిచాయి. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 రావాలి. అంత ఖరీదైన మానిటర్‌కు మూత్రం సంచీ కనబడదు, నీకు కనబడింది. బీపీ పడకముందే డ్యూటీ డాక్టరును పిలిచాను. ఇన్ఫెక్షన్ ఒళ్లంతటినీ దెబ్బతీసే సెప్సిస్ అనుమానంతో, ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షలకు నమూనాలు తీసి, గంట లోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు.

కాబట్టి నిన్ను మళ్లీ అచ్చు వేయించేటప్పుడు నాదొక విన్నపం. నీ నెత్తిన రోగి పేరు, వయసు, మంచం నంబరు, బరువు రాయడానికి చోటుంది. దాని పక్కనే, ఆ షిఫ్టులో ఆ నర్సుకు ఎంతమందిని అప్పగించారో రాయడానికి ఒక గడి వేయించుకో. ఆ గడి ఖాళీగా కనబడితే మెమో ఎవరికివ్వాలో కూడా కింద అచ్చు వేయించుకో.

ఇట్లు,
మెమోకు జవాబు ఇంకా రాయని
స్టాఫ్ నర్సు