యూనివర్సిటీ ఫైనాన్స్ అధికారికి తోటివాళ్లు కావాలి

ప్రొఫెసర్‌కి ఏదైనా సందేహం వస్తే పక్క గదిలో అదే సబ్జెక్టు చెప్పే మరో ప్రొఫెసర్ ఉంటారు. ఫైనాన్స్ విభాగం అధిపతికి ఆ వీలు లేదు. క్యాంపస్ మొత్తానికీ ఆ కుర్చీ ఒక్కటే. ఫలానా కోర్సు మూసేయక తప్పదేమో అన్న అనుమానాన్ని పాలకమండలితో అంటే అది ప్రతిపాదన అయిపోతుంది. కింది సిబ్బందితో అంటే సాయంత్రానికల్లా పుకారవుతుంది. ఇంకా తేలని ఆలోచనను తేలనట్టుగానే బయటికి చెప్పుకునే చోటు ఆ మనిషికి తన క్యాంపస్‌లో దొరకదు.

వృత్తి సంఘాల అవసరం ఇక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. అమెరికాలో కాలేజీలు, యూనివర్సిటీల బిజినెస్ ఆఫీసర్ల జాతీయ సంఘం నాకుబో 1962 నుంచి ఉంది. బ్రిటన్‌లో, కెనడాలో కూడా ఇలాంటి సంఘాలున్నాయి. నాకుబోలో సభ్యత్వం సంస్థ పేరు మీద ఉంటుంది, రుసుము కాలేజీయే కడుతుంది. అందుకే ఏ పనీ చేయకుండా ఏళ్ల తరబడి సభ్యులుగా ఉండిపోవడం చాలా తేలిక. అలా ఉన్నవాళ్లకు వార్తలు అందుతాయి, సదస్సులకు ఆహ్వానాలు వస్తాయి. కమిటీలో కూర్చుని కాగితాలు చదివి, చర్చించి, జవాబు రాసే వాలంటీర్‌కి దక్కేది మాత్రం వేరు.

లీజుల లెక్కలనే చూద్దాం. అమెరికాలో ప్రభుత్వ యూనివర్సిటీల అకౌంటింగ్ ప్రమాణాలను గాస్బీ అనే బోర్డు నిర్ణయిస్తుంది. 2017 జూన్‌లో ఆ బోర్డు 87వ ప్రమాణం తెచ్చింది. అంతకుముందు చాలా లీజులకు కట్టే అద్దెను ఏటా ఖర్చుగా రాసేస్తే సరిపోయేది. కొత్త ప్రమాణం ప్రకారం ఏడాది దాటిన లీజులు దాదాపు అన్నీ అప్పుగానూ, వాడుకునే హక్కుగానూ పద్దుల్లోకి ఎక్కాలి; అద్దెకిచ్చినవైతే రావాల్సిన బాకీగా ఎక్కాలి. వినడానికి ఇది అకౌంటెంట్ల గొడవ. కానీ క్యాంపస్‌లో ఆ లీజులన్నీ ఎక్కడున్నాయి? ల్యాబ్ పరికరానిది ఒక విభాగం బీరువాలో, కాపీ మెషిన్లది ఇంకో ఆఫీసులో, మొబైల్ టవర్‌కి డాబా అద్దెకిచ్చిన ఒప్పందం ఎస్టేట్ విభాగంలో ఉంటుంది. వాటిని వెతికి పట్టుకోవడానికే నెలలు పడుతుంది. కరోనా వల్ల బోర్డు గడువును 18 నెలలు పొడిగించింది కాబట్టి చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

ఇలాంటి ప్రమాణం ఉన్నట్టుండి ఊడిపడదు. ముందు ముసాయిదా విడుదల చేసి అభిప్రాయాలు అడుగుతారు. నాకుబోలో ఈ ముసాయిదాలు చదివి స్పందించడానికి అకౌంటింగ్ సూత్రాల మండలి ఒకటి ఉంది. యూనివర్సిటీల్లో ఉద్యోగాలు చేస్తూనే అందులో పనిచేసే వాలంటీర్లకు రాబోయే మార్పు చాలా ముందే తెలుస్తుంది. ఎక్కడ ఇబ్బంది వస్తుందో చెప్పి, మాటలు మార్పించే అవకాశం కూడా ఉంటుంది. మిగతావాళ్లకు అదే సంగతి ఆడిటర్ అడిగిన రోజున తెలుస్తుంది. ఈ తేడాకు ఏ శిక్షణా తరగతీ సాటిరాదు.

2025 ఫిబ్రవరిలో వచ్చిన దెబ్బ ఇంకా పెద్దది. వైద్య పరిశోధనకు నిధులిచ్చే అమెరికా సంస్థ ఎన్ఐహెచ్ పరోక్ష ఖర్చులకు, పరిశోధనకు నేరుగా అయ్యే ఖర్చులో 15 శాతానికి మించి ఇవ్వబోమని ప్రకటించింది. ల్యాబ్ కరెంటు, భవనం నిర్వహణ, భద్రత, లెక్కలు చూసే సిబ్బంది జీతాలు ఈ పద్దులోకే వస్తాయి. చాలా యూనివర్సిటీలకు అంతవరకూ అందుతున్న రేటు దీనికి రెండు మూడింతలు. కోర్టులు ఆ ఆదేశాన్ని అడ్డుకున్నాయి. కానీ 'వద్దు' అంటే సరిపోదు, బదులుగా ఏం కావాలో చెప్పాలి. నాకుబోతో సహా పది సంఘాలు కలిసి, ఒకే శాతం కింద కలిపేయకుండా ఏ ఖర్చు దేనికో విడమర్చి చూపే కొత్త పద్ధతిని ప్రతిపాదించాయి. ఈ లెక్కలు స్వయంగా చూసేవాళ్లు తమ టైం ఇవ్వకపోతే అలాంటి ప్రతిపాదన తయారుకాదు. జీతాలిచ్చి పెట్టుకున్న లాబీయిస్టులు దాన్ని ఎంత బాగా వాదించినా, లోపలి లెక్క తెలిసినవాళ్లు రాసివ్వాల్సిందే.

ఒక హద్దు గురించి కూడా చెప్పాలి. తోటివాళ్లతో అన్నీ మాట్లాడుకోకూడదు. అమెరికాలో ఐవీ లీగ్ అని పిలిచే పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలు ఎనిమిదీ, ఎంఐటీ కలిసి ఏళ్ల తరబడి సమావేశమై, తమలో ఒకటికి మించిన చోట్ల సీటొచ్చిన విద్యార్థికి ఎంత ఆర్థిక సాయం ఇవ్వాలో ఒకమాట మీదికి వచ్చేవి. ఇది పోటీ చట్టానికి విరుద్ధమని 1991లో న్యాయశాఖ కేసు వేసింది. ఎనిమిది సంస్థలు ఆ పద్ధతి మానుకుంటామని ఒప్పుకున్నాయి. ఎంఐటీ కోర్టులో పోరాడింది, చివరికి 1993లో రాజీ కుదిరింది. వచ్చే ఏడాది ఫీజు ఎంత పెంచాలన్నది కమిటీ విరామంలో కాఫీ తాగుతూ కూడా మాట్లాడే విషయం కాదు. ఈ గీత ఎక్కడుందో బాగా తెలిసేది కూడా కమిటీల్లో పనిచేసినవాళ్లకే.

వాలంటీర్ పని మనిషిని కూడా మారుస్తుంది. ఆఫీసులో ఫైనాన్స్ అధిపతి మాటకు బలం సంతకం వల్ల వస్తుంది. కమిటీలో ఎవరూ ఎవరికీ కింది ఉద్యోగి కాదు. పని చేయించాలంటే ఒప్పించాలి, గడువు తప్పినవాళ్లను నొప్పించకుండా గుర్తుచేయాలి. డీన్లతో బడ్జెట్ కోత గురించి మాట్లాడాల్సిన మనిషికి ఇంతకన్నా పనికొచ్చే అనుభవం నాకు తోచదు. అధిపతులు తామే అన్ని కమిటీల్లోనూ కూర్చోకుండా, రేపు ఆ కుర్చీలోకి రావాల్సిన డిప్యూటీలను పంపడం ఇంకా మంచిది.

నాకు బాధ కలిగించేది చిన్న కాలేజీల పరిస్థితి. అక్కడ పేరోల్, ఆడిట్, ఫీజుల వసూలు, ఇన్సూరెన్స్ అన్నీ ఇద్దరు ముగ్గురి చేతుల మీదే నడుస్తాయి. జూన్ 30న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఆడిట్ పూర్తయ్యేదాకా ఆ టెన్షన్‌లో వాళ్లు కమిటీ సమావేశానికి ఎలా వస్తారు? వాళ్లు రాకపోతే ముసాయిదాలకు వెళ్లే జవాబుల్లో పెద్ద యూనివర్సిటీల కష్టాలే ఉంటాయి. ముగ్గురున్న ఆఫీసు లీజులు ఎలా వెతుక్కుంటుందన్న ప్రశ్న ఎవరికీ తట్టదు. అందుకే సంఘాలు మూడేళ్ల పదవీకాలంతో పాటు చిన్న పనులు కూడా పెట్టాలి. ముసాయిదాలో ఒక్క అధ్యాయం చదివి 'మా దగ్గర ఇది ఇలా కుదరదు' అని ఒక పేజీ రాసివ్వడం ఒక పూట పని. ఆ పూటను కాలేజీ ప్రెసిడెంట్లు సెలవు కింద కాకుండా డ్యూటీ కింద లెక్కవేయాలి.