అప్పట్లో ఎవరికీ కోపం రాలేదట!

న్యూయార్క్ పోలీస్ స్టేషన్ కామెడీ ‘బార్నీ మిల్లర్’లో ‘హ్యాష్’ ఎపిసోడ్ వీడియో ముక్క ఒకటి నెట్‌లో మళ్లీ తిరుగుతోంది. దాని కింద ఎప్పుడూ ఉండే మాటలే: “1976లోనే పోలీసులు మత్తులో తూగుతున్నట్టు తీసి టీవీలో వేశారు. అప్పుడు సెన్సార్ గోల లేదు. ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు. డ్రగ్స్‌ని తమాషాగా చూపిస్తే జనం నవ్వుకుని ఊరుకున్నారు. ఇవాళ ఇలాంటిది తీసే దమ్ము ఎవరికీ లేదు.”

ఆ సీరియల్ అంటే నాకు ప్రాణం. అందుకే ఈ మాటలు చూస్తే ఒళ్లు మండుతుంది.

చూడనివాళ్ల కోసం ముందు కథ. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ పేటలో 12వ ప్రీసింక్ట్ (అంటే ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్), డిటెక్టివ్‌లు కూర్చునే పాత గది. (ప్రీసింక్ట్ కల్పితమే. నిజానికి ఆ పేట 6వ ప్రీసింక్ట్ కిందికి వస్తుంది.) వోజో అనే కుర్ర డిటెక్టివ్ తన కొత్త స్నేహితురాలు చేసిచ్చిన బ్రౌనీలు (చాక్లెట్ కేకు ముక్కలు) తెస్తాడు. తోటివాళ్లు తీసుకుని తింటారు. కాసేపటికి గది వాతావరణమే మారిపోతుంది. వాటిలో హషీష్, అంటే గంజాయి మొక్క నుంచి తీసే మత్తు పదార్థం, కలిసిందని తేలుతుంది. మామూలుగా ఉన్నది కెప్టెన్ బార్నీ.

ఇక “సెన్సార్ గోల లేదు” అన్న మాట. అసలు గోలంతా ఆ రోజుల్లోనే జరిగింది. 1975 సెప్టెంబర్ నుంచి అమెరికాలో మూడు పెద్ద టీవీ నెట్‌వర్కులూ ‘ఫ్యామిలీ వ్యూయింగ్ అవర్’ అని ఒక నియమం పెట్టుకున్నాయి. రాత్రి 9 లోపు ఇంటిల్లిపాదీ చూడదగ్గవే వెయ్యాలి. పేరుకి నెట్‌వర్కులు తమంతట తాము పెట్టుకున్నదే గానీ, వెనక నుంచి నెట్టింది ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ. ‘బార్నీ మిల్లర్’ ఏమో గురువారం రాత్రి 8కి వచ్చేది! దొంగలు, వేశ్యలు, తాగుబోతులు గుమ్మం తొక్కని పోలీస్ స్టేషన్ ఎక్కడుంటుంది? నిర్మాత డానీ ఆర్నాల్డ్ ఊరుకోలేదు. రచయితల సంఘం, దర్శకుల సంఘం, నటుల సంఘం, నార్మన్ లియర్ లాంటి నిర్మాతలు వేసిన కేసులో తనూ చేరాడు. లాస్ ఏంజెలిస్ ఫెడరల్ కోర్టులో జడ్జి వారెన్ ఫెర్గూసన్ 1976 నవంబర్ 4న, ఎఫ్‌సీసీ చేసిన ఒత్తిడి వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని తీర్పు చెప్పాడు. ‘హ్యాష్’ ప్రసారమైంది డిసెంబర్ 30న, సరిగ్గా ఎనిమిది వారాలకు, గురువారం రాత్రి. తీర్పు వల్లే ఈ ఎపిసోడ్ వచ్చిందని నేననను. ఆ తీర్పును కూడా 1979లో పై కోర్టు పక్కన పెట్టేసింది. కానీ నిర్మాత కోర్టు మెట్లెక్కిన సీరియల్‌ని చూపించి “అప్పట్లో ఏ అడ్డూ లేదు” అంటే ఎలా?

“ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు” అంటున్నారు. ఆ బ్రౌనీలు తిన్నవాళ్లలో నిక్ యెమానా ఒకడు. స్టేషన్‌లో ఘోరమైన కాఫీ కాచేది ఇతనే. వేషం వేసిన జాక్ సూ అసలు పేరు గోరో సుజుకి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ మూలాలున్న నేరానికి యూటాలోని టోపాజ్ నిర్బంధ శిబిరంలో గడిపాడు. ఆసియా వాళ్లని వెక్కిరించే వేషాలు వస్తే వద్దని తిప్పి పంపేవాడు. బాధ అప్పుడూ ఉంది. ఆ బాధకి మైకు ఇచ్చినవాళ్లు తక్కువ, అంతే తేడా.

డ్రగ్స్‌ని తమాషా చేశారన్నది సగమే నిజం. వీళ్లు తెలిసి తినలేదు, హాస్యం పుట్టేదే అక్కడ. ఫిష్‌ని చూడండి. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ముసలి డిటెక్టివ్. వంగిన భుజాలు, వేలాడే కనురెప్పలు, పది నిమిషాలకోసారి బాత్రూమ్ ప్రయాణం. ఆ మనిషి మొహం ఆ రోజు విచ్చుకుంటుంది. ఎన్నేళ్లకో ఒంట్లో హాయిగా ఉంటే, అది కాస్తా చట్టవిరుద్ధమైందేమిటని వాపోతాడు. నేను ఎన్నిసార్లు చూసినా అక్కడ నవ్వుతో పాటు కొంచెం జాలి కూడా వేస్తుంది. మత్తు గొప్పదని చెప్పే సీనా అది? ముసలితనం గురించిన సీను.

పోలీసుల్ని వెటకారం చేశారనేవాళ్లూ ఉన్నారు. నటుడు కాకముందు షికాగోలో పోలీసుగా పనిచేసిన డెనిస్ ఫరీనా, టీవీలో నిజానికి దగ్గరగా ఉన్న పోలీస్ సీరియల్ ఇదేనన్నాడు. పోలీసుకే లేని బాధ మనకెందుకు?

“ఇవాళ తీసే దమ్ము లేదు.” ఇవాళ ఆ కథకి దమ్ము అక్కర్లేదు, అసలు కథే నిలబడదేమో. న్యూయార్క్ రాష్ట్రం 2021లో పెద్దవాళ్లకి గంజాయిని చట్టబద్ధం చేసింది. మొదటి లైసెన్సు దుకాణం 2022 డిసెంబర్ 29న తెరిచారు, ఎక్కడో కాదు, గ్రీనిచ్ విలేజ్ అంచున బ్రాడ్‌వే మీద. ఫిష్ ఇప్పుడుంటే వాపోవడానికి ఇంకో కారణం వెతుక్కోవాలి. మన దగ్గర కథ తిరగబడింది: హషీష్‌ని, గంజాయిని దేశమంతటా నిషేధించిన ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది 1985లో.

ఇవాళ కష్టమైంది వేరే ఉంది, పోలీసుల్ని ముద్దుగా చూపించడం. 2020లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి హత్య తర్వాత, ‘బ్రుక్లిన్ నైన్-నైన్’ అనే ఇంకో పోలీస్ కామెడీ వాళ్లు రాసుకున్న నాలుగు ఎపిసోడ్లు పారేసి మళ్లీ మొదలుపెట్టారు. దాన్ని పిరికితనం అంటారా? నాకైతే ఆర్నాల్డ్ ఉన్నా అర్ధరాత్రి దాకా కూర్చుని తిరగరాసేవాడే అనిపిస్తుంది. తిరగరాయడంలో ఆయన పేరు మోసినవాడు.

అన్నట్టు, ఈ ముక్కని పంచుకునేవాళ్లలో కొందరు, ఫిష్ వేషం వేసిన ఏబ్ విగోడా సీరియల్ నడుస్తుండగానే పోయాడని కూడా రాస్తున్నారు. అలా పోయింది జాక్ సూ, 1979 జనవరిలో. విగోడాని 1982లో ‘పీపుల్’ పత్రిక పొరపాటున ‘దివంగత’ అని రాసింది. ఆయన శవపేటికలో లేచి కూర్చుని, ఆ పత్రిక చేత్తో పట్టుకుని ఫొటో దిగాడు. ఆ తర్వాత ఇంకో 34 ఏళ్లు బతికి, 94 ఏళ్ల వయసులో, 2016లో పోయాడు.