కాస్టిక్ సోడాకు నిమ్మకాయ వైద్యమా?

‘సింకు పౌడర్ వాడే ప్రతి ఇల్లాలూ తప్పక చదవాలి’ అని మొదలై ‘మీ ఆత్మీయులందరికీ పంపండి’ అని ముగిసే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. సింకు పౌడర్ అంటే మూసుకుపోయిన సింకు పైపును తెరిపించే పొడి, అందులో ఉండేది కాస్టిక్ సోడా అనే ఘాటైన క్షారం. ఈ గ్రూపులో కాదంటే ఆ గ్రూపులో ప్రత్యక్షం. పంపేవాళ్ల మనసు మంచిదే, కాదనను. అందులోని చిట్కాలు పాటిస్తేనే చిక్కు.

అన్నిటికన్నా ఘోరం ఇది: ‘పిల్లలు మింగితే ఉప్పునీళ్లు పట్టి, గొంతులో వేలు పెట్టి కక్కించాలి.’ ఎందుకండీ? దిగేటప్పుడు కాల్చింది చాలక, ఎక్కేటప్పుడు ఇంకోసారి కాల్చడానికా? యాసిడ్ పడ్డచోట కండ గట్టిపడి పెచ్చు కడుతుంది, లోపలికి పోకుండా కొంత అడ్డం పడుతుంది. కాస్టిక్‌కి ఆ అడ్డు ఉండదు. కొవ్వును సబ్బు చేస్తూ, కండను కరిగిస్తూ లోతుకి పోతుంది. అలా మెత్తబడ్డ అన్నవాహిక వాంతి ఒత్తిడికి చిల్లు పడొచ్చు. కక్కింది ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు. ఇక ఉప్పునీళ్లతో రక్తంలో సోడియం పెరిగి పసివాళ్లకు ఫిట్స్ రావచ్చు. అంటే ఒక ప్రమాదానికి ఇంకోటి ఉచితం.

చేయాల్సింది వేరు. నోట్లో మిగిలిన పలుకులు తడిగుడ్డతో తీసేసి, నీళ్లతో పుక్కిలించి ఉమ్మించండి. తెలివిలో ఉండి మింగగలిగితే ఒకటి రెండు గుక్కల నీళ్లు, అంతే. చొంగ కారుతున్నా, గొంతు బొంగురుపోయినా, ఊపిరిలో కూత వినిపిస్తున్నా అదీ వద్దు. 108కి ఫోన్ చేసి, ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం నంబర్ 1800 116 117. పెదాలు బాగానే ఉన్నాయి కదా అని ఇంట్లో కూర్చోవద్దు. నోట్లో మచ్చ లేకపోయినా లోపల కాలి ఉండొచ్చు. డాక్టర్లు మామూలుగా మొదటి 24 గంటల్లోనే ఎండోస్కోపీ చేసి, అంటే కెమెరా ఉన్న గొట్టం లోపలికి పంపి చూస్తారు. ఆ పుండు మానుతూ కొన్ని వారాలకు దారి సన్నబడితే అన్నం ముద్ద దిగదు.

‘ఒంటి మీద పడితే నిమ్మకాయ రుద్దాలి.’ క్షారానికి ఆమ్లం విరుగుడని బడిలో చెప్పారు, నిజమే. ఆ కలయికలో వేడి పుడుతుందని కూడా అక్కడే చెప్పారు, ఆ రోజు బడి ఎగ్గొట్టినట్టున్నారు. పైగా కాయ వెతికి, కోసి, పిండేలోపు చర్మం జారుడు పడుతుంది. ఆ జారుడు మీ చర్మమే సబ్బవుతున్న గుర్తు. మొదట్లో మంట తెలియకపోవచ్చు, దాన్ని నమ్మొద్దు. కొళాయి కింద కనీసం 20 నిమిషాలు ధారగా కడగాలి.

కంట్లో పడితే రెండు చుక్కల గులాబ్ జల్! రెండు చుక్కలు దేనికి, తిలకం దిద్దడానికా? రెప్పలు వేళ్లతో విప్పి పట్టుకుని, పాడైన కన్ను కిందివైపు ఉండేలా తల వంచి అరగంట నీళ్లు పోయండి. రెప్ప మడతలో పలుకు దాక్కుంటుంది. కాంటాక్ట్ లెన్స్ ఉంటే కడుగుతూనే తీసేయండి. ఆ తర్వాత నేరుగా కంటి ఆసుపత్రికి.

‘పౌడర్ మీద మరిగే నీళ్లు పోస్తే బాగా పనిచేస్తుంది.’ 50 గ్రాములు పావు లీటరు మామూలు నీళ్లలో కరిగితేనే ఆ నీళ్లు 75 డిగ్రీల దాకా వేడెక్కొచ్చు. మరిగే నీళ్లయితే మొహం మీదికి చిమ్ముతుంది. చన్నీళ్లలోకి పౌడర్ కొద్దికొద్దిగా వేయాలి, పౌడర్ మీద నీళ్లు కాదు. అల్యూమినియం గిన్నె అసలొద్దు, మంటంటుకునే హైడ్రోజన్ వాయువు పుడుతుంది.

చేతికి పాలిథిన్ కవర్ కట్టుకోమన్న చిట్కాకి జవాబు దండగ. రబ్బరు గ్లౌజులు, రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి. మిగిలింది కూల్‌డ్రింక్ సీసాలో దాచమన్న మహానుభావుడికి ఇంట్లో పిల్లలు లేరేమో.

అయితే ఒక్క మాట అచ్చంగా సరైనది: ‘పొడి ఒంటి మీద పడితే ముందు పొడిగుడ్డతో దులపాలి.’ అవును. పలుకులు ఉండగానే నాలుగు చుక్కలు చల్లితే అక్కడే కరిగి కాలుస్తాయి. రుద్దకుండా దులిపి, వెంటనే ధారగా కడగండి. తడిసిన బట్టలు, ఉంగరం, గాజులు, మొలతాడు కూడా తీసేయండి. వాటి కింద చేరింది నీళ్లకి అందదు.