మళ్ళీ అప్‌డేట్ వచ్చిందట!

నోట్స్ రాసుకునే ఓ డెస్క్‌టాప్ యాప్‌కి రంగులూ ఫాంటూ మార్చే ప్లగిన్ రాసిపెట్టాను. అంతే, నా ప్రాణానికి చుట్టుకుంది. ఆ యాప్ కంపెనీవాళ్ళు అప్‌డేట్ వదిలిన ప్రతిసారీ నా పని మళ్ళీ మొదటికే. యాప్ లోపల ఉన్నది బ్రౌజరే కాబట్టి సీఎస్ఎస్‌తో, అంటే వెబ్ పేజీల రూపం దిద్దే కోడ్‌తో, అంతా మార్చేయొచ్చు, నిజమే. కానీ ఏ భాగాన్ని మార్చాలో చెప్పడానికి వాడే ఆ క్లాసు పేర్లు మనుషులు పెట్టినవి కావు, యాప్‌ని తయారుచేసేటప్పుడు టూల్ పుట్టించే అడ్డదిడ్డం అక్షరాలు. నిన్నటి పేరు ఇవాళ ఉండదు. రంగులకి మనం మార్చుకునేలా, మారని పేర్లతో నాలుగు వేరియబుల్స్ బయట పెడితే వాళ్ళ సొమ్మేం పోయింది?

తెలుగు గోల వేరే. మన పక్కనున్న శ్రీకాళహస్తి కవి పేరుతో ఉన్న ధూర్జటి ఫాంటు శీర్షికలకి పెట్టుకుందామని ముచ్చటపడ్డాను. సైడ్‌బార్‌లో లైన్ ఎత్తు ఇంగ్లీషు కొలతకి బిగించేశారు, పైగా ఓవర్‌ఫ్లో హిడెన్, అంటే గీత దాటిందంతా కనబడకుండా కోసేయడమే. 'శాస్త్రం'లో త వత్తు, ర వత్తు రెండూ హాంఫట్. లైన్ ఎత్తు 1.2 నుంచి 1.7కి పెంచితే కిందున్న బటన్ కనబడకుండా పోయింది.

ఇంతలో చిత్తూరు నుంచి ఓ తమ్ముడి ఫోను: "ఏందన్నా, నీ థీమ్ ఏసినాక అంతా తెల్లగా అయిపోయిండాది?" తిరుపతి బైరాగిపట్టెడలో టీ కొట్టు ముందు నిలబడి ఏం చెప్పను? కంపెనీని అడుగు నాయనా అంటే, "చేసింది నువ్వే కదన్నా" అంటాడు. ఫ్రీగా ఇచ్చినందుకు హెల్ప్‌లైన్ కూడా నేనేనా!