హీరో పారితోషికం మినహాయించి

పెద్ద సినిమా శుక్రవారం వస్తుందంటే టికెట్ ధర పెంచుకోమని జీవో బుధవారమో గురువారమో వచ్చేస్తుంది. సచివాలయంలో ఎన్ని ఫైళ్లు ఎన్ని బల్లల కింద గుర్రు పెడుతున్నా, ఈ ఒక్క ఫైలు మాత్రం కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరుగుతుంది. సింగిల్ స్క్రీన్‌కి ఇంత, మల్టీప్లెక్స్‌కి ఇంత, కోడి కూయకముందు వేసే ఆటకి ఇంత. రేషన్ కార్డులో కొత్త కోడలి పేరు ఎక్కించడానికి చెప్పులరగదీస్తున్న ప్రజానీకం ఇది చూసి కుళ్లుకోకూడదు. కూర్చుని శ్రద్ధగా పాఠం నేర్చుకోవాలి.

పాఠం 2021 ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35 తెచ్చి, ఏసీ లేని పల్లెటూరి హాల్లో ఎకానమీ టికెట్ 5 రూపాయలంది. 5 రూపాయలకు హాలు నడుస్తుందని నేనూ అనను, ఆ డబ్బుకి ఇంటర్వెల్‌లో సమోసా కూడా రాదు. పరిశ్రమ అల్లాడిపోయింది. 2022 ఫిబ్రవరి 10న చిరంజీవి, మహేష్ బాబు, ప్రభాస్, రాజమౌళి కట్టకట్టుకుని తాడేపల్లి వెళ్లి ముఖ్యమంత్రి జగన్‌ని కలిశారు. చిరంజీవి చేతులు జోడించారు. మార్చి 7న జీవో 13 వచ్చింది. లెక్క వేసుకోండి, 25 రోజులు. అందులో ఒక అందమైన వాక్యం ఉంది: హీరో, హీరోయిన్, దర్శకుడి పారితోషికం మినహాయించి ఖర్చు 100 కోట్లు దాటిన సినిమాకి మొదటి పది రోజులు ధర పెంచుకోవచ్చు. ఎంత ఎక్కువ తగలేస్తే అంత ఎక్కువ వసూలు చేసుకునే హక్కన్నమాట! ఈ సూత్రం రైతుకి వర్తింపజేస్తే ధాన్యం ధర ఎక్కడికి పోతుందో ఎవరైనా ఊహించారా?

దీని వెనక మహత్తేమీ లేదు. టికెట్ మీద 100 రూపాయలు పెరిగితే నాకు పోయేది 100. తిట్టుకుంటాను, పాప్‌కార్న్ మానేస్తాను, మర్చిపోతాను. ఆ వందలన్నీ వెళ్లి చేరేది మాత్రం పట్టుమని పాతికమంది దగ్గరికి. వాళ్లు మర్చిపోరు. వాళ్లకి ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గరుంటుంది, ముఖ్యమంత్రి పీఏ నంబరు అందరి దగ్గరా ఉంటుంది. ముఖ్యమంత్రికీ వాళ్లతో ఫొటో కావాలి. అటు చూస్తే, దోపిడీకి గురైనవాడే అభిమాన సంఘం పెట్టుకుని దోపిడీని సమర్థిస్తాడు. ప్రపంచంలో ఏ చక్కెర లాబీకీ, ఏ సిగరెట్ లాబీకీ పాలాభిషేకం చేసే వినియోగదారుడు దొరకలేదు.

2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్‌లో బెనిఫిట్ షో దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. డిసెంబర్ 21న తెలంగాణ అసెంబ్లీలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తాను కుర్చీలో ఉన్నంతకాలం బెనిఫిట్ షోలు లేవు, ధరల పెంపు లేదు అన్నారు. 26న సినీ పెద్దలు ఆయన్ని కలిశారు. బృందాన్ని నడిపించింది రాష్ట్ర ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ చైర్మన్ దిల్ రాజు. జనవరి 8న 'గేమ్ ఛేంజర్'కి ధర పెంచుకోమని జీవో వచ్చింది. ఆ సినిమా నిర్మాత దిల్ రాజు. అడిగేవాళ్ల తరఫునా ఆయనే, సర్కారు తరఫునా ఆయనే, ఇక మధ్యలో అపార్థాలకు చోటెక్కడిది? పానకంలో పుడకలా హైకోర్టు అడ్డుపడబట్టి, 11న అనుమతి వెనక్కి తీసుకున్నారు.

ఇంత చదివాక ప్రేక్షకులం మనం కూడా ఒక బృందంగా వెళితే పోలా అనిపిస్తుంది. ఊహించండి. బాల్కనీ నుంచి ఇద్దరు, సెకండ్ క్లాసు నుంచి ముగ్గురు, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకునే తల్లుల తరఫున ఒకావిడ. శాలువా మనమే కొనుక్కోవాలి కాబట్టి ముందు దాని దగ్గరే గొడవ. బొకే ఎండకి వాడిపోతుంది. గేటు దగ్గర కానిస్టేబుల్ "మీదే సంఘం?" అంటాడు. "టికెట్ కొనేవాళ్లం సార్" అంటాం. "రిజిస్ట్రేషన్ ఉందా?" లేదు. "లెటర్‌హెడ్?" లేదు. "లోపల ఎవరైనా తెలుసా?" మనకు తెలిసినవాళ్లంతా తెర మీదే ఉంటారు! మనలో ఒకడికి అభిమాన హీరో కారు కనిపిస్తుంది. వినతిపత్రం వదిలేసి సెల్ఫీకి పరిగెడతాడు. మిగిలిన నలుగురూ వాడి వెనకే. ఒళ్లో బిడ్డతో ఆవిడ ఒక్కతే నిలబడితే, లోపలి నుంచి గుమస్తా వచ్చి కాగితం అందుకుని "తెల్లకార్డు దరఖాస్తులు అక్కడమ్మా" అని పక్క కిటికీ చూపిస్తాడు.

సినిమా టికెట్ సంగతి పోనివ్వండి. చూడకపోతే ఎవరూ చావరు.

అంగన్‌వాడీ టీచర్ సంగతేమిటి? పొద్దున్నే సెంటర్ తాళం తీసి, పసివాళ్ల బరువు తూచి, గర్భిణులకు గుడ్లు లెక్కపెట్టి ఇచ్చి, ఆ లెక్క మళ్లీ సిగ్నల్ లేని ఫోన్‌లో ఎక్కించే మనిషి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఆమెకిచ్చింది నెలకు 11,500. ఆయాకి 7,000. జీతం అనకూడదు, గౌరవ వేతనం అనాలి. జీతమైతే కనీస వేతనం రూలు మీదికొస్తుంది. 26,000 అడుగుతూ 2023 డిసెంబర్ 12న సమ్మెకు దిగారు. వాళ్లూ చేతులు జోడించారండీ. కలెక్టరేట్ల ముందు టెంట్లు వేసుకుని, కంచాలు మోగించి, రోడ్ల మీద కూర్చుని అడిగారు. తాడేపల్లి ఇంట్లోకి పిలిచి కాఫీ ఇచ్చిన నాథుడు లేడు. గ్రామ సచివాలయ సిబ్బందిని పంపి సెంటర్ల తాళాలు పగలగొట్టించారు. 2024 జనవరి 6న ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించారు. సిగ్గుండాలి! గ్రాట్యుటీ ఇవ్వమని 2022లో సుప్రీంకోర్టు చెబితే వినపడని చెవులకి, సమ్మె అనగానే ఈమె చేసేది అత్యవసర సేవ అని వినపడిందా? అంత అత్యవసరమైన మనిషికి 11,500 ఏమిటి? 100 కోట్లు ఖర్చుపెట్టినవాడి నష్టం 25 రోజుల్లో అర్థమైన ప్రభుత్వానికి, లక్ష మంది ఆడవాళ్ల ఆకలి 42 రోజులైనా అర్థం కాలేదంటే, అది అర్థం కాకపోవడం కాదు, లెక్కలేకపోవడం.

ఓట్లు వాళ్లకీ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు దాదాపు ఏడాది కూర్చున్నాక, ఉత్తరప్రదేశ్, పంజాబ్ ఎన్నికలు ముంచుకొస్తుంటే 2021 నవంబర్ 19న సాగు చట్టాలు వెనక్కి తీసుకుంటామన్న ప్రకటన వచ్చింది. వాళ్ల వెనక ట్రాక్టర్లున్నాయి, ఉచితంగా అన్నం పెట్టే లంగర్లున్నాయి, సంవత్సరానికి సరిపడా గోధుమలున్నాయి. నెల తిరిగితేగానీ ఇల్లు గడవని ఆయా ఎన్నాళ్లు కూర్చుంటుంది?

2024 జనవరి 22 రాత్రి చర్చల తర్వాత అంగన్‌వాడీలు సమ్మె విరమించారు. గౌరవ వేతనం పెంపు సంగతి జూలైలో చూద్దామన్నారు. జూన్‌లో ప్రభుత్వమే మారిపోయింది. వినతిపత్రం మళ్లీ కొత్త కాగితం మీద రాసుకోవాల్సి వచ్చింది, పాతదాని మీద పాత మంత్రిగారి పేరుంది మరి.