సవరణ: గాలి సెన్సర్ల అంకెలు, భాగస్వామ్య ఒప్పందం

విశ్వవిద్యాలయ కేంద్రాలు స్థానికులతో కలిసి గాలి కాలుష్యాన్ని కొలవడం గురించి ముందు ఇచ్చిన వ్యాసంలో, "సెన్సర్ చూపిన అంకెను నేరుగా అధికారుల ముందు పెట్టవచ్చు" అని ఉంది. ఆ వాక్యాన్ని తీసేస్తున్నాం.

చవక సెన్సర్లు ధూళిని తూకం వేయవు. లేజర్ కాంతి ఎంత చెదిరిందో చూసి పీఎం 2.5ను, అంటే గాలిలో 2.5 మైక్రోమీటర్లు లేదా అంతకంటే చిన్న కణాల మోతాదును, అంచనా కడతాయి. తేమ బాగా పెరిగితే కణాలు నీటిని పట్టుకుని ఉబ్బుతాయి, అంకె ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. అందుకే సెన్సర్లన్నిటినీ ముందుగా ప్రామాణిక యంత్రం పక్కన కనీసం రెండు వారాలు నడిపి, తేడాను బట్టి దిద్దుబాటు సూత్రం తయారుచేసుకోవాలి. రుతువు మారితే మళ్లీ చేయాలి. ఈ పని ఎగ్గొడితే, కాలుష్యానికి కారణమని స్థానికులు చెప్పే ఫ్యాక్టరీ తరఫు నిపుణుడు ఒక్క ప్రశ్నతో నెలల శ్రమను కొట్టిపారేస్తాడు. నష్టపోయేది అక్కడ ఆ గాలి పీల్చేవాళ్లే.

పోలికలోనూ జాగ్రత్త కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో పీఎం 2.5కు ఇచ్చిన ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు అన్నది 24 గంటల సగటు. ఏడాది సగటుకు పరిమితి 5. ఒక గంట రీడింగును వీటి పక్కన పెట్టకూడదు.

విశ్వవిద్యాలయ కేంద్రానికీ స్థానికులకూ మధ్య ఒప్పందం "తర్వాత చూసుకోవచ్చు" అని ఆ వ్యాసంలో ఉన్న మాట కూడా పోవాలి. డేటా ఎవరిది, ఫలితాలు ముందు ఎవరికి చెప్పాలి, ఇంటి చిరునామాలు ఎలా దాచాలి, కొలతలు తీసే స్థానికులకు గంటకు ఎంత ఇవ్వాలి, ఇవన్నీ మొదటి సెన్సర్ బిగించకముందే రాతలో ఉండాలి. ముఖ్యంగా ఆ వేతనం నిధుల దరఖాస్తులోనే లేకపోతే తర్వాత చేర్చడం చాలా కష్టం.